జిమ్నాస్టిక్స్‌లో జాతీయ, అంతర్జాతీయ స్థాయికి ఎలా వెళ్లాలి? దక్షిణ ఒడిశా తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాక్టీసు హాలు గేటు దగ్గర తల్లిదండ్రులు అడిగే సందేహాలు ఏటా అవే. బరంపురంలో అడిగినవే పర్లాకిమిడిలో అడుగుతారు, రాయగడ, గుణుపురం నుంచి ఫోన్ చేసి మళ్లీ అవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. పిల్లలు ఏ దశలో ఉన్నారో దాన్ని బట్టి విడగొట్టాను కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏటా మారే తేదీలు, ఎంట్రీ ఫీజులు ఇందులో పెట్టలేదు.

## చేర్పించక ముందు, చేరిన కొత్తలో

మా పాపకి ఆరేళ్లు నిండాయి. ఇప్పుడే చేర్పించాలా, ఇంకో రెండేళ్లు ఆగాలా?

ఆరేళ్లు మంచి వయసే. ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య చేరినవాళ్లకి ఒళ్లు వంగడం, తలకిందులుగా ఉన్నా భయపడకపోవడం తేలిగ్గా అలవాటవుతాయి. మొదటి ఏడాది వారానికి మూడు రోజులు, రోజుకి గంట, గంటన్నర చాలు. మూడు నెలల్లోనే బ్యాక్‌ఫ్లిప్ వేయించి వీడియో పంపే చోట మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండండి. మగపిల్లలకి ఇంకొంత వెసులుబాటు ఉంది. పైనుంచి వేలాడే రింగులు, పిడులున్న దిమ్మ (పొమ్మెల్ హార్స్)కి కావాల్సిన భుజబలం టీనేజీలోనే వస్తుంది కాబట్టి తొమ్మిది, పదేళ్లకి మొదలుపెట్టినవాళ్లు కూడా నిలదొక్కుకుంటారు.

వేరే ఆట నుంచి వచ్చినా ఫరవాలేదు. హైదరాబాద్‌కి చెందిన బుద్దా అరుణారెడ్డి చిన్నప్పుడు కరాటే నేర్చుకుని, తర్వాత ఇటు వచ్చారు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో, అంటే పరుగెత్తి వచ్చి బల్ల మీద చేతులు ఆన్చి ఎగిరే అంశంలో, కాంస్యం గెలిచారు. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారతీయ క్రీడాకారిణి ఆమే.

పాప యోగాసనాలు బాగా వేస్తుంది, డ్యాన్స్ కూడా చేస్తుంది. సగం పని అయిపోయినట్టేనా?

సగం కాదు, పావు అనుకోండి. ఒళ్లు వంగడం వేరు, వంగిన ఒంటిని గాల్లో ఎగరేసి అదుపులో పెట్టి దించడం వేరు. మన పక్కనే గోటిపువా నృత్యం చేసే పిల్లలు ఒంటిని ఎలా మెలితిప్పుతారో చూసే ఉంటారు. వాళ్లలోనూ పొట్ట కండరాల బలం, దూకే బలం ఉన్నవాళ్లే ఈ ఆటలో త్వరగా పైకి వస్తారు. చేర్చుకునేటప్పుడు కోచ్‌లు బార్‌కి ఎంతసేపు వేలాడగలదు, నిలబడి ఎంత దూరం దూకగలదు, చిన్న పరుగు ఎంత చురుగ్గా తీస్తుంది అని చూసేది అందుకే.

జిమ్నాస్టిక్స్‌లో రకాలున్నాయట. ఏది పెట్టించాలి?

ఆర్టిస్టిక్‌లో అమ్మాయిలకి వాల్ట్, ఎత్తులో తేడా ఉన్న రెండు బార్లు, బీమ్ (సన్నటి దూలం), ఫ్లోర్ (నేల మీద చేసేవి) అని నాలుగు అంశాలు. అబ్బాయిలకి ఫ్లోర్, పొమ్మెల్ హార్స్, రింగులు, వాల్ట్, పారలల్ బార్స్, హారిజాంటల్ బార్ అని ఆరు. రిథమిక్‌లో హూప్, బంతి, క్లబ్స్, రిబ్బన్‌తో చేస్తారు. ఒలింపిక్స్‌లో అది అమ్మాయిలకే ఉంది. ట్రాంపొలిన్ కూడా ఒలింపిక్ అంశమే. మన వైపు ఎంచుకునేంత సౌకర్యం లేదు. దగ్గర్లో ఏ కోచ్ బాగా నేర్పిస్తే అదే పెట్టించండి.

ఈ ఆట ఆడితే పొడుగు పెరగరని మా అత్తగారు అంటున్నారు. నిజమా?

కాదు. పొట్టిగా, తేలిగ్గా ఉన్నవాళ్లకి గాల్లో తిరగడం సులువు కాబట్టి పై స్థాయికి వచ్చేసరికి వాళ్లే ఎక్కువగా మిగులుతారు. టీవీలో వాళ్లని చూసి ఆట వల్లే పొట్టి అయ్యారని జనం అనుకుంటారు. పెద్దయ్యాక రావాల్సిన ఎత్తు జిమ్నాస్టిక్స్ వల్ల తగ్గదని నిపుణుల పరిశీలనలు చెబుతున్నాయి. పెరుగుదలకి నిజంగా దెబ్బ తగిలేది తిండి తగ్గించినప్పుడు. 'లావవుతావు' అని పిల్లకి రాత్రి అన్నం మానిపించే కోచ్ ఉంటే అక్కడ మాన్పించేయండి.

మా ఊళ్లో ఒక హాలు, నాలుగు పరుపులు తప్ప ఏమీ లేవు. అక్కడ నేర్పిస్తే ఉపయోగం ఉంటుందా?

మొదటి రెండు మూడేళ్లు ఉంటుంది. చేతుల మీద నిలబడటం, కార్ట్‌వీల్, స్ప్లిట్, పొట్ట బలం, దూకి నిలకడగా దిగడం, వీటికి పెద్ద సామాను అక్కర్లేదు. బీమ్ వెడల్పు పది సెంటీమీటర్లే. నేల మీద అంతే వెడల్పున రెండు సుద్దగీతలు గీసి వాటి మధ్యే నడక, గెంతు, మలుపు సాధన చేయించవచ్చు. అగర్తలాలో జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ తొలినాళ్లలో పరుపులు ఒకదానిమీద ఒకటి పేర్చి వాల్ట్ ప్రాక్టీసు చేశారని పత్రికల్లో చదివే ఉంటారు.

కానీ దానికి ఒక హద్దు ఉంది. పోటీ ఫ్లోర్ పన్నెండు మీటర్ల చదరం, కింద స్ప్రింగులు ఉంటాయి. వాల్ట్ పరుగుకి 25 మీటర్లు కావాలి. అసలు బీమ్ నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. గచ్చు మీద పల్చటి చాప పరిచి గాల్లో పల్టీలు వేయిస్తుంటే మడమలు, నడుము పోతాయి. సుమారు తొమ్మిది, పదేళ్లకి పాప తోటివాళ్ల కంటే స్పష్టంగా ముందుంటే పూర్తి సామాను ఉన్న చోటికి కనీసం సెలవుల్లోనైనా తీసుకెళ్లాలి.

బార్ చేసి వచ్చిన రోజు అరచేతుల్లో తోలు ఊడి రక్తం వస్తోంది. ఇది మామూలేనా?

మామూలే, జిమ్నాస్టులందరికీ జరుగుతుంది. వేళ్ల మొదట్లో కాయలు కాసి, బార్ మీద ఊగేటప్పుడు ఆ కాయ చుట్టూ తోలు చిరిగి లేస్తుంది. లేచిన తోలుని లాగకండి. శుభ్రమైన చిన్న కత్తెరతో అంచు దాకా కత్తిరించి, సబ్బునీళ్లతో కడిగి, పొడి గుడ్డ కట్టండి. పచ్చి పుండు మీద, పట్టు జారకుండా పూసుకునే మెగ్నీషియం పొడి పడితే పిల్ల ఎగిరి గంతేస్తుంది, కాబట్టి మానేదాకా బార్ వద్దని కోచ్‌కి చెప్పండి. ఫ్లోర్, కాళ్ల వ్యాయామాలు చేసుకోవచ్చు. స్నానం అయ్యాక కాయలు మెత్తబడ్డప్పుడు గరుకు రాయితో పల్చగా రుద్ది, పడుకునే ముందు కొబ్బరినూనె రాస్తే మళ్లీ మళ్లీ చిరగవు.

## రాష్ట్రం, పేరు, వయసు, కాగితాలు

మేం తెలుగువాళ్లం, ఉండేది బరంపురంలో. పిల్ల ఒడిశా తరఫున ఆడాలా, ఆంధ్రా తరఫునా?

ఒడిశా తరఫునే. ఇంట్లో మాట్లాడే భాషతో, తాతగారి ఊరితో పని లేదు. స్కూల్ గేమ్స్ అయితే పిల్ల చదివే బడి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం. సంఘం తరఫు పోటీలకి జిల్లా, రాష్ట్ర జిమ్నాస్టిక్స్ సంఘాల్లో నమోదు చూస్తారు. నివాస ధ్రువపత్రం, ఆధార్ చిరునామా కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ప్రాక్టీసు ఎక్కడ చేస్తున్నారన్నది లెక్కలోకి రాదు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చి నేర్చుకునే పిల్ల ఆంధ్రా పిల్లే, విశాఖలో నేర్చుకునే బరంపురం పిల్ల ఒడిశా పిల్లే.

ఒడిశాలో పోటీ ఎక్కువ, అటువైపు అయితే త్వరగా జట్టులోకి వస్తుందని ఎవరో చెప్పారని మేనమామ ఇంటి చిరునామాతో ఆధార్ మార్పించేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. ఒకే ఏడాది రెండు రాష్ట్రాల్లో పేరుంటే రెండు చోట్లా వేటు పడొచ్చు. నిజంగా ఇల్లు మారితే పాత సంఘం నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తీసుకుని మారండి.

పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. ఇప్పుడు సరిచేయించాలా, తర్వాత చూసుకోవచ్చా?

ఇప్పుడే చేయించండి. మన తెలుగు పిల్లలు జాబితాల్లోంచి జారిపోయేది ఆటలో వెనకబడి కాదు, ఎక్కువసార్లు ఇక్కడే. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, చివర రాయడం ఇక్కడి ఆఫీసుల అలవాటు. పైగా ఒడియాలో 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది. అలా జనన ధ్రువపత్రంలో 'కె. లావణ్య', ఆధార్‌లో 'లావణ్య కుమారి', బడి రిజిస్టర్‌లో 'లాబణ్య' అని ముగ్గురు పిల్లలు తయారవుతారు. జిల్లా పోటీల్లో ఎవరూ పట్టించుకోరు. జాతీయ పోటీల దగ్గర టేబుల్ ముందు కూర్చున్నవాళ్లకి మాత్రం ఈ ముగ్గురూ ఒక్కరేనని ఎలా తెలుస్తుంది? పోటీ ఉదయం ఆ టెన్షన్ పిల్లకి అస్సలు మంచిది కాదు.

అన్నిటికీ ఆధారం జనన ధ్రువపత్రమే కాబట్టి ముందు దాన్ని సరిచేయించండి. మున్సిపాలిటీలోగానీ, పుట్టిన చోటి రిజిస్ట్రార్ దగ్గరగానీ తప్పులు దిద్దించుకునే వీలు చట్టంలోనే ఉంది. ఇంటిపేరు పొడి అక్షరంతో కాకుండా పూర్తిగా రాయించండి. తర్వాత ఆధార్, ఆ తర్వాత బడి రిజిస్టర్, చివర్న పాస్‌పోర్ట్. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యేలోపు ఇదంతా పూర్తికావాలి. మెట్రిక్ సర్టిఫికెట్‌లో తప్పు పడ్డాక దిద్దించడం పెద్ద తలనొప్పి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి చాలా పనుల్లో జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం కాబట్టి వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్ల విషయంలోనూ మొదట్లోనే సరిగ్గా రాయించండి.

వయసు ఒక ఏడాది తగ్గించి రాయిస్తే చిన్న విభాగంలో పతకం వస్తుందని అంటున్నారు. అందరూ చేసేదేగా?

అందరూ చేయరు, చేసినవాళ్లు దొరుకుతున్నారు. అనుమానం వస్తే ఎముకల వయసు పరీక్షకి పంపుతారు. పుట్టిన చాలా రోజులకి, అదీ పోటీల ముందు హడావిడిగా తీసిన ధ్రువపత్రాన్ని చూడగానే అనుమానిస్తారు.

అంతర్జాతీయ స్థాయిలో దీని ఖరీదు ఎంతో చైనాకి తెలుసు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల జట్టు గెలిచిన కాంస్యాన్ని పదేళ్ల తర్వాత, 2010లో వెనక్కి తీసుకున్నారు. జట్టులోని డాంగ్ ఫాంగ్‌షియావోకి ఉండాల్సిన పదహారేళ్లు లేవని, అప్పటికి పద్నాలుగేళ్లేనని తేలింది. అక్కడ చిన్న పిల్లని పెద్దదిగా చూపించారు, ఇక్కడ పెద్ద పిల్లని చిన్నదిగా చూపిస్తారు. పాపం మిగతా అమ్మాయిల పతకాలు కూడా పోయాయి.

సర్క్యులర్లు ఒడియాలో, ఇంగ్లీషులో వస్తాయి. మాకు సరిగ్గా అర్థం కావు. ఏం చేయాలి?

బళ్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని అడగండి, ఆయన పనే అది. మీరు స్వయంగా చూడాల్సినవి మూడే: ఏ పుట్టిన సంవత్సరాలవాళ్లకి, ఎంట్రీకి చివరి తేదీ ఏది, అసలు ప్రతులు ఏమేం తేవాలి.

## జిల్లా నుంచి జాతీయ పోటీల దాకా

యూట్యూబ్‌లో 'లెవెల్ 10', 'ఎలీట్ క్వాలిఫయర్' అంటారు. మన దగ్గర ఆ పరీక్ష ఎక్కడ పెడతారు?

ఎక్కడా పెట్టరు. అది అమెరికా పద్ధతి. అక్కడ లెవెల్ 1 నుంచి 10 దాకా మెట్లుంటాయి, ఆ పైన ఎలీట్ కావాలంటే ప్రత్యేక పోటీలో నిర్ణీత మార్కులు దాటాలి. మన దేశంలో 'ఈ రోజు నుంచి నువ్వు ఎలీట్' అని చెప్పే గేటు ఒక్కటంటూ లేదు. జిల్లా పోటీల్లో కనబడి, రాష్ట్ర జట్టులో చోటు తెచ్చుకుని, జాతీయ చాంపియన్‌షిప్‌లో పై వరుసలో నిలవాలి. ఆ తర్వాత భారత జిమ్నాస్టిక్స్ సమాఖ్య పెట్టే ట్రయల్స్‌కి, జాతీయ శిబిరానికి పిలుపు వస్తుంది. అక్కడ ఆసియా, ప్రపంచ స్థాయి పోటీలకి ఎంపిక జరుగుతుంది. మన దగ్గర ఎలీట్ అంటే ఈ చివరి గుంపే.

ఒకసారి అందులోకి వెళ్తే ఇక బయటికి రారనీ లేదు. ప్రతి ఏడాదీ, కొన్నిసార్లు ప్రతి పోటీకీ మళ్లీ ట్రయల్స్ ఉంటాయి. కాబట్టి 'ఎన్నేళ్లలో ఎలీట్ అవుతుంది' అని ముందే లెక్కలు వేసి పిల్లని తొందరపెట్టకండి. పదేళ్లకి పతకాల కోసం కష్టమైన అంశాలు అరకొరగా నేర్చుకున్న పిల్ల కంటే, పతకం లేకపోయినా చేతుల మీద నిటారుగా నిలబడే పిల్లే పదిహేనేళ్లకి పైన కనిపిస్తుంది.

స్కూల్ గేమ్స్, సంఘం పోటీలు, ఖేలో ఇండియా, ఏది ముఖ్యం?

స్కూల్ గేమ్స్ 14, 17, 19 ఏళ్లలోపు విభాగాల్లో బడి ద్వారా జరుగుతాయి. అనుభవానికి మంచివి, సర్టిఫికెట్లు కాలేజీ సీట్లకి పనికొస్తాయి. భారత జట్టు దారి మాత్రం సంఘం పోటీలే: సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ జాతీయ చాంపియన్‌షిప్‌లు. ఖేలో ఇండియా 2018లో స్కూల్ గేమ్స్‌గా మొదలై, తర్వాత యూత్ గేమ్స్ అయింది. అందులో నిపుణుల కళ్లలో పడితే స్కాలర్‌షిప్ దొరికే అవకాశం ఉంది. తేదీలు ఒకదానితో ఒకటి తగిలితే సంఘం పోటీకే పంపండి.

'మీ పాప నేషనల్స్‌కి సెలెక్ట్ అయింది, డబ్బు కట్టండి' అని ఫోన్ వచ్చింది. నమ్మొచ్చా?

ట్రయల్స్‌కే వెళ్లని పిల్ల ఎలా సెలెక్ట్ అయింది? పేరులో 'ఇండియా', 'నేషనల్', 'ఇంటర్నేషనల్' తగిలించుకుని డబ్బు కట్టిన ప్రతివాళ్లకీ పతకం వేసే సంస్థలు చాలా ఉన్నాయి. గోవా, నేపాల్ ట్రిప్ కూడా కలిపి అమ్ముతారు. ఆ సర్టిఫికెట్ ఉద్యోగానికీ పనికిరాదు, పై పోటీకీ పనికిరాదు. ఏ సంఘం నిర్వహిస్తోంది, దానికి రాష్ట్ర సంఘం, భారత జిమ్నాస్టిక్స్ సమాఖ్య గుర్తింపు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఆ తర్వాత వాళ్లు ఫోన్ ఎత్తరు.

మార్కులు ఎలా వేస్తారు? పక్క పిల్ల కష్టమైనవి చేసింది, అయినా మా పాపకే ఎక్కువ వచ్చాయి.

రెండు లెక్కలు కలుపుతారు. ఎంత కష్టమైనవి చేసిందన్నది డి-స్కోర్. ఎంత శుభ్రంగా చేసిందన్నది ఇ-స్కోర్, ఇది పదితో మొదలై తప్పులకి తగ్గుతూ వస్తుంది. చిన్న తప్పుకి 0.1, కాస్త పెద్దదానికి 0.3, ఇంకా పెద్దదానికి 0.5, కింద పడితే ఏకంగా 1.0 పోతుంది. కాలు వంగడం, పాదం చాచకపోవడం, దిగాక ఒక అడుగు వేయడం, ఇవన్నీ లెక్కే. ఒకమ్మాయి బీమ్ మీద 3.8 డి-స్కోర్ రొటీన్‌ని శుభ్రంగా చేసి 8.1 తెచ్చుకుంటే మొత్తం 11.9. ఇంకో అమ్మాయి 4.6 రొటీన్ పెట్టుకుని, ఒకసారి పడి, రెండుసార్లు తూలి 6.8తో ఆగితే మొత్తం 11.4. మీ పాప మొదటి రకం. కోచ్‌ని మార్చకండి.

జడ్జీలు అన్యాయం చేశారు. ఫిర్యాదు చేయొచ్చా?

కష్టం లెక్కలో, అంటే డి-స్కోర్‌లో పొరపాటు ఉందనిపిస్తే కోచ్ వెంటనే విచారణ కోరవచ్చు. ఇ-స్కోర్ మీద కోరే వీలు లేదు. గ్యాలరీలోంచి తల్లిదండ్రులు అరవడం వల్ల ఏమీ రాదు. టైము విషయంలో చాలా కచ్చితంగా ఉంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫ్లోర్ ఫైనల్‌లో అమెరికా అమ్మాయి జోర్డాన్ చైల్స్ తరఫున అడిగిన విచారణతో ఆమెకి 0.1 కలిసి కాంస్యం వచ్చింది. నిమిషం గడువు దాటి నాలుగు సెకన్లు ఆలస్యంగా అడిగారని క్రీడా న్యాయస్థానం తేల్చింది. పతకం రుమేనియా అమ్మాయి అనా బార్బోసుకి వెళ్లింది, గొడవ ఆ తర్వాత కూడా కోర్టుల్లో సాగింది.

మా బాబు వాల్ట్ ఒక్కటే బాగా చేస్తాడు. అదొక్కటే సాధన చేయిస్తే చాలదా?

పన్నెండేళ్లలోపు అయితే చాలదు. రాష్ట్ర జట్టుని ఎంచేటప్పుడు మొత్తం సాధనాల మార్కులు కలిపే చూస్తారు, జట్టుకి అన్నీ చేసేవాళ్లు కావాలి. పెద్దయ్యాక ఒకటి రెండు సాధనాల మీద దృష్టి పెట్టడం తెలివైన పనే. మనవాళ్ల అంతర్జాతీయ పతకాలు చూడండి, ఎక్కువ వాల్ట్‌వే: ఆశిష్ కుమార్ 2010 కామన్వెల్త్‌లో రజతం, దీపా కర్మాకర్ 2014 కామన్వెల్త్‌లో కాంస్యం, ప్రణతి నాయక్ 2019, 2022 ఆసియా చాంపియన్‌షిప్‌లలో కాంస్యాలు. బీమ్, బార్ల మీద పరిపూర్ణత రావాలంటే చిన్నప్పటి నుంచీ మంచి సామాను మీద గంటలు గంటలు గడపాలి, ఆ అవకాశం మన పిల్లల్లో చాలామందికి లేదు. వాల్ట్‌లో పరుగు, కాళ్ల బలం, ధైర్యం చాలావరకు నెట్టుకొస్తాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: వాల్ట్ ఫైనల్‌లో రెండు వేర్వేరు వాల్ట్‌లు చేయాలి, సగటు తీస్తారు. ఒకటే వచ్చినవాడికి ఫైనల్ లేదు.

## పెద్ద కేంద్రానికి పంపేటప్పుడు

భువనేశ్వర్ పంపాలా, విశాఖ పంపాలా?

రాష్ట్ర జట్టు మీద ఆశ ఉంటే భువనేశ్వర్. కళింగ స్టేడియంలో ఒడిశా ఏఎం/ఎన్‌ఎస్ ఇండియా జిమ్నాస్టిక్స్ హై పర్ఫార్మెన్స్ సెంటర్ ఉంది. టోక్యో ఒలింపియన్ ప్రణతి నాయక్ కూడా అక్కడ సాధన చేశారు. రాష్ట్ర ప్రభుత్వ క్రీడా హాస్టళ్లకి ఎంపిక ట్రయల్స్ ద్వారా జరుగుతుంది. ప్రకటన వచ్చాక తక్కువ రోజులే గడువు ఉంటుంది కాబట్టి కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. బరంపురం నుంచి రైల్లో మూడు గంటల లోపే. రాయగడ వాళ్లది విచిత్రమైన పరిస్థితి, హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సొంత రాజధానికి విజయనగరం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. అందుకే సెలవుల శిక్షణకి విశాఖే దగ్గరనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు. సీజన్ పోటీల సమయంలో మాత్రం ఒడిశా శిబిరంలో ఉండేలా చూసుకోండి.

ఆడపిల్ల. హాస్టల్లో వదలాలంటే భయంగా ఉంది. ఏమేం చూసుకోవాలి?

భయపడటంలో తప్పు లేదు. జిమ్నాస్టిక్స్‌లో కోచ్ పిల్లని పట్టుకుని సపోర్ట్ ఇవ్వక తప్పదు. నడుము, వీపు, తొడ దగ్గర చెయ్యి వేసి తిప్పకపోతే పిల్ల తల మీద పడుతుంది. ఆ సపోర్ట్ అందరి ముందూ, అంశం జరుగుతున్న క్షణంలో, పిల్లలందరికీ ఒకేలా ఉంటుంది. అంశం అయిపోయాక కూడా చెయ్యి ఉంటే, ఒంటరిగా పిలిస్తే, 'ఇంట్లో చెప్పకు' అంటే అది సపోర్ట్ కాదు. ఈ తేడా పిల్లకి ఏడెనిమిదేళ్లకే, భయపెట్టకుండా, స్పష్టంగా చెప్పండి.

హాస్టల్ చూడటానికి వెళ్లినప్పుడు మహిళా వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా, ఫిజియో దగ్గరికి పిల్లతోపాటు ఎవరు వెళ్తారు, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు అని అడగండి. ప్రాక్టీసు చూడటానికి తల్లిదండ్రుల్ని అసలు రానివ్వని చోట పెట్టకండి. అమెరికా జట్టు డాక్టర్ లారీ నాసర్ వైద్యం పేరుతోనే ఏళ్ల తరబడి అమ్మాయిల్ని వేధించాడు, 2018లో శిక్ష పడింది. అంత పెద్ద వ్యవస్థలోనూ పిల్లలు చెప్పిన మాట చాలాకాలం ఎవరూ వినలేదు. ఏదైనా జరిగితే పిల్లల సహాయ నంబరు 1098. పిల్లల మీద లైంగిక వేధింపుల్ని శిక్షించే పోక్సో చట్టం ఆడపిల్లలకీ మగపిల్లలకీ వర్తిస్తుంది.

చదువు పాడవుతుందేమో?

కొంత వెనకబడుతుంది, అబద్ధం చెప్పను. పై స్థాయిలో వారానికి 20 గంటలు దాటి ప్రాక్టీసు ఉంటుంది. పోటీలకి వెళ్లిన రోజులకి హాజరు ఇవ్వమని సర్క్యులర్ జతచేసి ముందే బళ్లో అర్జీ పెట్టండి, వచ్చాక పెడితే బతిమాలాల్సి వస్తుంది.

ఖర్చు మేం భరించగలమా? సాయం ఏమన్నా దొరుకుతుందా?

మొదట్లో ఖర్చంతా ప్రయాణాలదే, తర్వాత లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే ఆట దుస్తులు), చేతి గ్రిప్‌లు, గాయాలకి ఫిజియో. పిల్లలు పెరుగుతుంటారు కాబట్టి గ్రిప్‌లు, దుస్తులు సీనియర్ల నుంచి చేతులు మారుతుంటాయి, అడగడానికి మొహమాటపడకండి. ఖేలో ఇండియా అథ్లెట్‌గా ఎంపికైతే శిక్షణ, వసతి, వైద్యం అన్నీ కలిపి ఏడాదికి 6.28 లక్షల రూపాయల విలువైన సాయం ఉంటుంది. అందులో చేతి ఖర్చుల కింద నెలకి 10,000 వస్తాయి. అక్కడిదాకా చేరే ముందు నాలుగైదేళ్లే ఇంటి మీద బరువు.

ఏం తినిపించాలి?

ఇంట్లో తినేదే. ఉప్మా-ఘుగుని (బఠానీ కూర) చాలా మంచి టిఫిను, ఘుగుని కాస్త ఎక్కువ వేయండి. గుడ్డు, పప్పు, పెరుగు, చేప రోజూ ఏదో ఒకటి ఉండాలి. ప్రాక్టీసుకి గంటన్నర ముందు అరటిపండో, రెండు ఇడ్లీలో. డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడులు వద్దు.

## దేశం తరఫున ఆడే దశ

సీనియర్ ఎప్పుడవుతారు?

ఆర్టిస్టిక్‌లో అమ్మాయిలు పదహారేళ్లు నిండే క్యాలెండర్ సంవత్సరంలో, అబ్బాయిలు పద్దెనిమిది నిండే సంవత్సరంలో సీనియర్లవుతారు. పుట్టినరోజు జనవరిలో ఉన్నా డిసెంబరులో ఉన్నా ఒకటే. 2010లో పుట్టిన అమ్మాయిలంతా 2026లో సీనియర్లే. జూనియర్లకి కూడా 2019 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది, మొదటిది హంగరీలో జరిగింది.

ట్రయల్స్‌లో మొదటి స్థానం వస్తే ఇక వెళ్లినట్టేనా?

తప్పనిసరిగా అని చెప్పలేం. 2023లో భువనేశ్వర్‌లో జరిగిన ఆసియా క్రీడల ట్రయల్స్‌లో దీపా కర్మాకర్ మొదటి స్థానంలో నిలిచారు. అయినా ఆ క్రీడలు జరిగిన హాంగ్‌ఝౌకి వెళ్లలేకపోయారు, ఎందుకంటే గత ఆసియా క్రీడల్లో ఎనిమిదో స్థానానికి వచ్చిన ప్రదర్శనతో సమానంగా ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ట్రయల్స్ ర్యాంకు ఒకటి, మార్కుల గీత ఒకటి. పోటీ ప్రకటన వచ్చినప్పుడు ఆ గీత ఎంతో కోచ్‌ని ముందే అడగండి.

పాస్‌పోర్ట్ కాకుండా ఇంకేం కావాలి?

అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య లైసెన్సు కావాలి. అది భారత సమాఖ్య ద్వారానే వస్తుంది, పాస్‌పోర్ట్ ఆధారంగా ఇస్తారు, రెండేళ్లకోసారి కొత్తది చేయించాలి. పదిహేనేళ్లలోపు పిల్లల పాస్‌పోర్ట్ గడువు ఐదేళ్లే అని మర్చిపోకండి.

జలుబుకి, నొప్పికి మామూలు మందులు వేయొచ్చా? ఆయుర్వేదం అయితే ఇబ్బంది లేదుగా?

ఆయుర్వేదం అయినా, అమ్మమ్మ చిట్కా అయినా, పై స్థాయి పిల్లకి అడక్కుండా ఏదీ ఇవ్వకండి. దీపా కర్మాకర్‌కి హైజెనమైన్ అనే పదార్థం వల్ల 21 నెలల నిషేధం పడింది, అది 2023 జులైలో ముగిసింది. అది కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది, సప్లిమెంట్లలోనూ కలుస్తుంది. 'తెలియక తీసుకున్నాను' అంటే శిక్ష తగ్గొచ్చు, పోదు. డాక్టర్ దగ్గరికి వెళ్లగానే 'మా పిల్ల క్రీడాకారిణి, డోపింగ్ పరీక్షలుంటాయి' అని మొదట చెప్పండి. చీటీలు దాచండి.

మణికట్టు నొప్పి, నడుం నొప్పి అంటోంది. పోటీ దగ్గర్లో ఉంది. ఆడించొచ్చా?

ఎదిగే పిల్లలకి ఎముక చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, చేతుల మీద పదేపదే దిగితే మణికట్టు దగ్గర దెబ్బతింటాయి. వెనక్కి వంగినప్పుడు నడుం నొప్పి వస్తే వెన్నెముకలో సన్నటి పగులు ఉండొచ్చు. రెండు వారాలు దాటిన నొప్పికి ఎముకల డాక్టర్‌కి చూపించాల్సిందే. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించి ఆడించకండి.

ఒలింపిక్స్‌కి ఎలా ఎంపికవుతారు?

పారిస్‌లో ఆర్టిస్టిక్‌కి మగవాళ్లకి 96, ఆడవాళ్లకి 96 చోట్లు. పన్నెండు దేశాల జట్లకే, జట్టుకి ఐదుగురు చొప్పున, అరవై పోయాయి. మిగిలినవాటి కోసం ప్రపంచ చాంపియన్‌షిప్, ప్రపంచకప్ సిరీస్, ఖండాల చాంపియన్‌షిప్‌ల ద్వారా విడిగా పోటీపడాలి. దీపా కర్మాకర్ 2016 ఏప్రిల్‌లో రియోలో ఒలింపిక్స్‌కి ముందు జరిగిన టెస్ట్ ఈవెంట్ ద్వారా అర్హత సాధించారు. ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి భారత మహిళా జిమ్నాస్ట్ ఆమె. వాల్ట్ ఫైనల్‌లో 15.066తో నాలుగో స్థానం, కాంస్యానికి తేడా 0.150. అంటే దిగేటప్పుడు వేసే ఒకటి రెండు అడుగులంత. ప్రణతి నాయక్ ఆసియా కోటాలో టోక్యో వెళ్లారు. పారిస్‌లో మనవాళ్లెవరూ లేరు.

మా అమ్మాయికి పద్నాలుగు వచ్చాయి, రాష్ట్ర స్థాయి దాటలేదు. మాన్పించేయమంటారా?

తను ఇష్టంగా వెళ్తోందా? అయితే ఎందుకు మాన్పించడం? భారత జట్టు కష్టమే, కానీ విశ్వవిద్యాలయ పోటీలున్నాయి, క్రీడా కోటా సీట్లున్నాయి. జిమ్నాస్టిక్స్ చేసిన ఒళ్లు డైవింగ్‌కి, పోల్‌వాల్ట్‌కి, వెయిట్‌లిఫ్టింగ్‌కి బాగా పనికొస్తుంది. 2010 కామన్వెల్త్‌లో స్వర్ణం ఎత్తిన కటులు రవికుమార్ ఊరు బరంపురమే కాబట్టి లిఫ్టింగ్ వాతావరణం ఇక్కడ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నేర్పించడం ఇష్టమైతే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. దక్షిణ ఒడిశాలో తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మహిళా కోచ్‌ల అవసరం చాలా ఉంది. ఆ కోర్సుకి చదువుతోపాటు ఆట సర్టిఫికెట్లు కూడా చూస్తారు. జిల్లా స్థాయివి కూడా ఒక్కటీ పారేయకుండా ఫైల్లో పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి, వెనక వేసే ముద్ర, సంతకం కోసం మళ్లీ చించాల్సి వస్తుంది.